ప్లాస్టిక్ తీయని లేబర్ రూమ్

2023 వర్షాకాలం. బిలాస్‌పూర్ జిల్లాలో తల్లీబిడ్డల వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఖర్చు ఎలా జరిగిందో చూసే పని మా ఆడిట్ బృందానికి పడింది. ఆడిట్ అంటే దొంగల్ని పట్టుకోవడమని మా రాజ్‌కిశోర్ నగర్ కాలనీలో చాలామంది అనుకుంటారు. వాళ్ళ ఊహ చెడగొట్టడం ఎందుకని నేనూ ఊరుకుంటాను. నిజానికి మా పనంతా ఫైళ్ళూ, చల్లారిన టీలూ, "రేపు రండి మేడం" అనే మాటలూనే. అందులో ఒక్క భాగం మాత్రం నాకు మొదటినుంచీ ఇష్టం. దాన్ని జాయింట్ ఫిజికల్ వెరిఫికేషన్ అంటారు. కొన్నామని కాగితం మీద ఉన్న వస్తువు దగ్గరికి ఆ శాఖ మనిషీ మేమూ కలిసి వెళ్ళి, కళ్ళతో చూసి, ఒకే కాగితం మీద సంతకాలు పెడతాం. ముందు వాళ్ళు పెట్టాలి, తర్వాత మేము. ఆ వరస ఎవరూ తప్పరు.

కోటా అనే ఊరు దాటి లోపలికి వెళ్తే ఒక ఆరోగ్య కేంద్రం ఉంది. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. జీపు దిగగానే పూలమొక్కల చుట్టూ పాతిన ఇటుకలకు కొత్తగా పూసిన సున్నం, ఎర్రమట్టి రంగు కనిపించాయి. రాత్రి వానకు సగం కారిపోయి ఉన్నాయి. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లో. నాన్న లోకో షెడ్‌లో ఫిట్టర్. పెద్ద ఆఫీసరు ఇన్‌స్పెక్షన్‌కు వస్తున్నాడంటే ముందురోజు అక్కడా ఇదే పని. ఆ ఇటుకలు చూసి నాకు నవ్వొచ్చింది, పుట్టింటికి వచ్చినట్టూ అనిపించింది.

అమ్మతో ఫోన్లో తెలుగులో మాట్లాడుతుంటే ఆ కేంద్రం సిస్టర్ ఇన్‌చార్జ్ సత్యవతి గారు దగ్గరికొచ్చారు.

"ఏటి మేడం, తెలుగోళ్ళా? మాది లాల్‌ఖదాన్. మా నాన్న రైల్వే గేంగ్‌లో చేసేవోడు."

"మా నాన్న షెడ్‌లో చేశారు."

"అచ్ఛా, అయితే మనోళ్ళే."

ఆవిడ ముఖంలో భయం సగం తగ్గింది. నాకేమో గుండెలో కాస్త బరువు పెరిగింది. 'మనోళ్ళే' అన్నాక మామూలుగా వాళ్ళ నుంచి ఏదో ఒక కోరిక వస్తుంది.

కొత్త లేబర్ రూమ్ తాళం తీశారు. తెల్లని టైల్సు, కాన్పు బల్లలు, గోడ వారగా రెండు రేడియంట్ వార్మర్లు. అంటే పైనుంచి వెచ్చదనం వచ్చే పసిబిడ్డల మంచాలు. ఫైల్లో రాసినవన్నీ ఉన్నాయి. మా జూనియర్ టిక్కులు పెట్టుకుంటూ సంబరపడిపోయాడు. నాకు మాత్రం ఏదో తేడాగా అనిపించింది. ఆ గదికి ఫినాయిల్ వాసన లేదు, డెట్టాల్ వాసన లేదు. వార్మర్ల మీద కంపెనీ వేసి పంపిన ప్లాస్టిక్ అలాగే ఉంది.

"కాన్పులు ఎక్కడ చేస్తున్నారు?" అని అడిగాను.

"వెనక పాత గదిలో."

"చలికాలంలో పుట్టిన పిల్లల్ని ఏం చేస్తారు?"

"తల్లి గుండెకి ఆనించి గుడ్డలు కప్పుతాం. మరీ చల్లబడిపోతే జిల్లా ఆసుపత్రికి పంపిస్తాం."

"అందరూ క్షేమంగా చేరుతారా?"

సత్యవతి గారు ప్లాస్టిక్ మీద దుమ్ము చేత్తో తుడవడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. ఎందుకు తాళం వేశారని గట్టిగానే అడిగాను.

"ఇంతకుముందు చేసినచోట సక్షన్ మిషను మోటారు కాలిపోయింది మేడం. వాడితే కాలదా ఏటి? ఆడిట్‌వోళ్ళు రాసీసినారు, ఆఫీసోళ్ళు నా జీతంలో కోసీసినారు. వచ్చే మార్చికి రిటైరు. ఇక్కడ ఒక్కటి ఇరిగినా పెన్షన్ ఆపీస్తారు. సామానంతా బాగుందని రాసి ఒగ్గీండి. అబద్ధం కాదు కదా."

నిజమే, అబద్ధం కాదు. అలా రాస్తే ఆవిడ పెన్షన్ భద్రం, గదికి తాళమూ భద్రం. 'వాడకుండా మూలన పెట్టారు' అని రాస్తే ఇన్‌చార్జ్‌గా ఆవిడ మెడకే చుట్టుకుంటుంది. లెక్క అడిగే మా శాఖకు జడిసి ఆవిడ పసిబిడ్డల వెచ్చదనానికి తాళం వేసుకుని కూర్చున్నారు. నా కోపం ఎవరి మీద చూపించాలో నాకు తెలీలేదు.

అంతలో పక్క ఊరి నుంచి నొప్పులు పడుతున్న అమ్మాయిని ఆటోలో తెచ్చారు. సత్యవతి గారు పాత గది వైపు కదిలారు.

"సిస్టర్, కొత్త గదిలోకి తీసుకెళ్తారా?" అన్నాను. ఆజ్ఞాపించే అధికారం ఆడిటర్‌కు లేదు. చూడటం, అడగటం, రాయటం, అంతే మా పని. "ప్లాస్టిక్ కప్పి ఉంటే మిషను పనిచేస్తుందో లేదో నేను చూసినట్టు కాదు."

"పాడైతే?"

వెరిఫికేషన్ కాగితం తీసుకుని 'ఆడిట్ సమక్షంలో వాడి చూస్తున్నాం' అని రాసి, ముందు నేను సంతకం పెట్టాను. మా జూనియర్ నోరు తెరిచాడు. సత్యవతి గారు ఆ సంతకం వైపు ఒకసారి, ఆ అమ్మాయి వైపు ఒకసారి చూశారు. తర్వాత వెళ్ళి ప్లాస్టిక్ పరపరా చింపేశారు.

మేము బయట బెంచీ మీద కూర్చున్నాం. మధ్యాహ్నానికి ఏడుపు వినిపించింది. మళ్ళీ లోపలికి పిలిచినప్పుడు ఒక వార్మర్ కింద ఎర్రగా, ముడుచుకుని, ఆడపిల్ల. రెండో వార్మర్ వేడెక్కలేదు.

"సూసినారా, నా కర్మ," అని సత్యవతి గారు స్టూలు మీద కూలబడ్డారు.

అది ఎప్పుడు చెడిందో ఎవరికీ తెలీదు. వచ్చిన రోజు నుంచీ స్విచ్ వేసినవాళ్ళే లేరు. ఉచితంగా బాగుచేసే గడువు తాళం వెనకే అయిపోయింది. ఆ సంగతి చెప్పి ఊరడించబోతే ఆవిడ వినిపించుకోలేదు.

మా అభ్యంతరాలను ఆడిట్ పేరా అంటారు. ఆ పేరా రాస్తుంటే నాన్న షెడ్ గుర్తొచ్చింది. అక్కడ అరిగిన స్పానర్ తిరిగి ఇస్తే కొత్తది ఇచ్చేవారు, అరిగినందుకు ఎవరూ తిట్టేవారు కాదు. ఈ శాఖలో అరిగిన సామాను చూసి లెక్కల్లోంచి కొట్టివేయాల్సింది జిల్లా కండెమ్నేషన్ కమిటీ. అది ఏళ్ళ తరబడి సమావేశానికి కూర్చోనే లేదు. దాంతో వస్తువు అరిగితే బరువంతా నర్సు మీద పడుతోంది. అదే రాశాను.

"బాధ్యుల పేరు రాయలేదేం?" అన్నారు మా పైఅధికారి.

"రాశాను సార్. ఆ కమిటీయే."

ఆయన టీ తెప్పించి, పేరాను పైకి పంపారు.

చలికాలానికి కమిటీ కూర్చుంది. వాడకంలో అరిగినదానికి సిబ్బంది దగ్గర వసూలు చేయొద్దని ఉత్తర్వు వచ్చింది. రెండో వార్మర్ బాగైంది. మార్చి దాటాక ఫోన్ మోగింది.

"అమ్మా, నాను సత్యవతిని. పెన్షన్ కాగితం వచ్చీసింది." ఆ వెంటనే, "కొత్త సిస్టరుకి ఛార్జి ఇచ్చినప్పుడు ఒక వార్మర్‌కి చక్రం ఊడిపోయుంది. ఇంకోదానికి ట్రే నిండా గీతలే. ఉన్నదున్నట్టు రాసిచ్చీసినాను. ఎవులూ ఏటీ అన్నేదు," అన్నారు.

గీతలే అని చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో గర్వం వినబడింది. నాకూ ఆ రోజంతా చాలా హాయిగా గడిచింది.

ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్ళినా ఏమేం ఉన్నాయని ముందు అడగను. ఏం పాడైందని అడుగుతాను. గబగబా నాలుగు చెప్తే నా పని తొందరగా అయిపోతుంది. ఏమీ పాడవలేదు మేడం అంటే మాత్రం, తాళాలు తెప్పించమని చెప్పి కుర్చీ లాక్కుంటాను.