అందరికీ ఒకే పాస్‌వర్డ్

తొంభైల చివర్లో తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. ఓపీలో ఒకటి, ల్యాబ్‌లో ఒకటి, వార్డులో ఒకటి, మూడు కంప్యూటర్లను కలిపి రోగుల వివరాలన్నీ ఒకేచోట ఉండేలా చేశారు. ఎవరు ఎక్కడ దిద్దినా అన్నిచోట్లా మారిపోయేది. మనిషికొక పాస్‌వర్డ్ ఇమ్మని ప్రోగ్రాం రాసినతను చెప్పి వెళ్లాడు. రోజుకు పదిసార్లు "మర్చిపోయానండి" అంటూ నా దగ్గరికే వస్తారని, అందరికీ ఒకటే ఇచ్చేశాను.

వార్డులో రేపల్లె నుంచి రోజూ రైల్లో వచ్చే పెద్ద నర్సు ఒకావిడ ఉండేది. మేమంతా అక్కా అనేవాళ్లం. యాభై దాటాక కీబోర్డు ముట్టుకున్న మనిషి. ఒక్క వేలితో, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ కొట్టేది. బాపట్ల నుంచి జ్వరంతో వచ్చి చేరిన ఒక మాస్టారికి పెనిసిలిన్ పడదని ఆవిడ కంప్యూటర్లో ఎక్కిస్తున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను.

"స్పెల్లింగు సరిగ్గానే ఉందా పాపా?" అని అడిగింది.

చూసి, ఉందన్నాను.

తర్వాత కొన్నాళ్లకు పాత రోగుల వివరాలు చిందరవందరగా ఉన్నాయని నలుగురం తలా కాసిని సర్దాం. ఆపైన మాస్టారు కాలి పుండుతో మళ్లీ వచ్చారు. ఒళ్లు తెలియని జ్వరం. భార్య ఊళ్లో లేదు, తోడొచ్చిన పొరుగింటాయనకు ఏమీ తెలియదు. అక్క ఆ రోజు సెలవు. డ్యూటీలో ఉన్న నర్సు స్క్రీన్ చూసింది. మందులు పడవని రాసే గడి ఖాళీగా ఉంది. పెనిసిలిన్ ఇంజెక్షన్ చేసిన కాసేపటికే ఆయన పోయారు.

మర్నాడు డాక్టరుగారు మమ్మల్నందర్నీ పిలిచారు.

"మొదట చేర్చుకున్నది మీరు. ఎందుకు రాయలేదు?" అని అక్కను అడిగారు.

"రాశానండి."

"మరి ఏదమ్మా?"

ఆవిడ నావైపు చూసింది. రాయడం చూశానని చెబితే, తర్వాత ఎవరో చెరిపారని తేలుతుంది. ఎవరో చెప్పడానికి దారి లేదు, అందరిదీ ఒకే పాస్‌వర్డ్. సర్దినవాళ్లలో నేనూ ఉన్నాను. చెరిపింది నా చెయ్యే కావచ్చు. తల దించుకున్నాను.

ఆ నెలాఖరుకు ఆవిడను మానిపించారు.

నేను వెంటనే ఎవరి పాస్‌వర్డ్ వాళ్లకు పెట్టించాను. ఆ గడిని డాక్టరుగారు, వార్డు ఇన్‌చార్జి తప్ప ఎవరూ మార్చకుండా, మారిస్తే పేరూ వేళా నమోదయ్యేలా చేయించాను. డాక్టరుగారు అందరి ముందూ మెచ్చుకున్నారు.

రెండు నెలలకు గానీ ఆయనకు నిజం చెప్పలేకపోయాను. ఆయన అప్పటికప్పుడే అక్కను తిరిగి రమ్మంటూ ఉత్తరం రాసిచ్చారు. అది తీసుకుని రేపల్లె వెళ్లాను.

అక్క ఉత్తరం చదివి మడిచింది.

"రాయలేదేమోనని నాకే అనుమానం వచ్చేసింది పాపా. మతి తప్పుతోందేమో అనుకున్నా. రోజూ ప్రార్థనలో అదే అడుగుతున్నా."

"రాశారక్కా. నేను చూశాను."

ఆవిడ చాలాసేపు ఏడ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు. పనిలోకి మాత్రం రానంది.

"మళ్లీ సూది పట్టుకోవాలంటే భయమేస్తోందమ్మా."

మాస్టారి భార్యకు కూడా చెప్పాలనుకున్నాను. ఒకసారి బాపట్ల బస్టాండు దాకా వెళ్లి, అక్కడే కాసేపు కూర్చుని, తిరుగు బస్సెక్కాను. ఇప్పటికీ చెప్పలేదు.