ట్రయల్‌లో రాసిన తేదీ

మొన్న సేలంలో ఒక లారీ ఆఫీసుకు పోతే, అక్కడ పాత ప్రింటరు కర్రుకర్రుమంటూ కాగితం కక్కుతోంది. ఆ చప్పుడు వింటే నాకు మునిరత్నం గారే గుర్తొస్తారు. ఎనభైల చివర ధర్మపురిలో జనన మరణాల రిజిస్టరును కంప్యూటరుకు ఎక్కించే పనిలో ఆయన నా పైఅధికారి. మాలాగే ఇంట్లో తెలుగు, బయట తమిళం. దయ్యాలన్నా దిష్టి అన్నా పడీపడీ నవ్వే మనిషి.

ఒకే యంత్రం, దానికి నాలుగు టెర్మినళ్లు, ఇట్లాగే కర్రుకర్రుమనే ప్రింటరు ఒకటి. కొత్త ప్రోగ్రాము తప్పు చేస్తే అసలు రిజిస్టరు పాడవకూడదని, ఆయన వారం రోజులు కూర్చుని ఆ యంత్రంలోనే వేరే అర ఒకటి కట్టారు. దానికి ట్రయల్ అని పేరు.

"ఈడ ఎంతమందిని చంపినా ఊర్లో ఒక్కరికీ ఏమీ కాదు. ధైర్యంగా తప్పులు చెయ్ మ్మా" అన్నారు నాతో. ఉత్తుత్తి పేర్లు కొట్టడం, చంపడం, తుడవడం, మళ్లీ చంపడం. అదే నా ఉద్యోగం.

అప్పుడు మా ఊరు బొమ్మిడిలో మా నాయన మంచంలో ఉన్నాడు. అబద్ధపు చావు కబురు పుడితే ఆయుష్షు పెరుగుతుందని మా ఇళ్లల్లో నమ్మకం. ఒకరోజు ఎవరూ చూడకుండా ట్రయల్‌లో నాయన పేరు కొట్టాను. గడిచిపోయిన తేదీ వేయడానికి చేయి రాలేదు. రెండు నెలల అవతల ఏదో ఒక శుక్రవారం వేశాను. పాడు బుద్ధి! ఆ వారమే నాయన లేచి కూర్చుని సంగటి తిన్నాడని అమ్మ కబురు పంపింది. ఇక పొద్దున్నే ఆ వరుస తెరిచి చూడందే నాకు పని సాగేది కాదు. ఆ వరుసే నాయనను కాస్తుందన్న ధీమాతో ఊరికి పోవడం కూడా తగ్గించాను.

ఆ శుక్రవారం ఇంకా రెండు రోజులుందనగా మునిరత్నం గారు నా వెనక నిలబడి తెర చదివారు.

"ఇదెవరు?"

"మా నాయన, సార్. ఆయుష్షు కోసరం..."

నవ్వుతారనుకున్నాను. ఆయన ముఖం పాలిపోయింది.

"తుడిచేస్తాను సార్."

"దాన్ని ముట్టొద్దు. ఇప్పుడే బస్సెక్కు. పోయి మీ నాయన దగ్గర కూర్చో."

"నాయన బాగుండాడు సార్."

"బాగుంటే సుమ్మా, ఊరికే నాలుగు మాటలు మాట్లాడి రా. పో మ్మా!"

ఆ రెండు రోజులూ నాయన పక్కనే ఉన్నాను. నా చేత తలకు నూనె పెట్టించుకున్నాడు. నా చిన్నప్పటి అల్లరి చెప్పి నవ్వాడు. శుక్రవారం మధ్యాహ్నం మజ్జిగ అడిగాడు. నేను తెచ్చేలోపే పోయాడు.

కర్మలయ్యాక ఆఫీసుకు పోయి, "మీకెట్లా తెలిసింది సార్?" అని అడిగాను.

"నాకేం తెలుసు మ్మా? ఇట్లాంటివి నేను నమ్మను, ఇప్పుడూ నమ్మను. ఆ తేదీ చూస్తే భయమేసింది. ఏమీ కాకుంటే నువ్వు నన్ను చూసి నవ్వుతావు, నవ్వితే నవ్వనీలే అనుకున్నా."

నా చేతి రాతే నాయనను తీసుకుపోయిందేమోనన్న భయం ఇన్నేళ్లయినా నన్ను వదల్లేదు. ఆ రెండు రోజులు మాత్రం మునిరత్నం గారు పెట్టిన భిక్ష.