పియానోలన్నీ చెడిపోయాయన్న గాయని

1990. సిడ్నీకి పడమర బ్లాక్‌టౌన్‌లో, రైల్వే స్టేషన్ పక్కనున్న చిన్న క్లినిక్‌లో ఆడియాలజిస్టుగా పనిచేస్తున్నాను. అంటే వినికిడి పరీక్షలు చేసే మనిషిని. మా దగ్గరికి ఎక్కువగా ఫ్యాక్టరీ యంత్రాల దగ్గర చెవులు పోగొట్టుకున్నవాళ్లే వచ్చేవాళ్లు. హియరింగ్ ఎయిడ్ పెట్టి పంపితే వారం తిరక్కుండానే వచ్చి, "మా ఆవిడ సణుగుడు కూడా వినిపిస్తోంది, దీన్ని తీసుకోండి" అని నవ్వించేవాళ్లు. అలాంటి చోటికి ఒక చలికాలం ఉదయాన అమెరికన్ గాయని ఒకావిడ వచ్చారు.

ఆవిడను ఇక్కడ రూబీ అంటాను. అసలు పేరు బయటపెట్టడం మా వృత్తికి తగదు. అరవై దాటిన వయసు, దిద్దినట్టున్న పెదవులు, కుర్చీలో కూర్చున్నా వంగని నడుము. ఆవిడ చేతిసంచీ పట్టుకుని వెనకే వచ్చిన పొడుగాటి పెద్దాయన వాల్టర్. ఏళ్ల తరబడి ఆవిడ పాటకు పియానో వాయిస్తున్న మనిషి. ఆయన బయట వరండాలో కూర్చున్నారు.

"మీ పనిలో చప్పుడు ఎక్కువా?" అందరినీ అడిగే ప్రశ్నే అడిగాను.

"నా వెనకాల బోలెడు మంది బాకాలు ఊదేవాళ్లు, హనీ. లెక్కలోకి వస్తుందా?"

అలా మొదలుపెట్టి తన కథంతా చెప్పారు. చిన్నప్పుడు ఊళ్లో రేడియోలో సబ్బుల ప్రకటనలు పాడారట. యుద్ధం అయిపోయాక ఒక్క రికార్డుతో దేశమంతా పేరు మోగింది. హాలీవుడ్ వాళ్లు పిలిచి ముందు నాయిక స్నేహితురాలి వేషాలు, ఆ తరువాత నాయిక వేషాలే ఇచ్చారు. టీవీలో సొంత కార్యక్రమం కూడా నడిపారు. ఇంతలో గిటార్లు తగిలించుకున్న కుర్రాళ్లు వచ్చారు, ఈవిడకు ఫోన్లు రావడం మానేశాయి. హోటళ్లలో జనం భోంచేస్తుంటే పాడారు. ఇప్పుడు సిడ్నీ శివార్ల క్లబ్బుల్లో పాడుతున్నారు.

"సినిమాలు పోయాయి, అందం పోయింది. గొంతొక్కటి మిగిలింది," అన్నారు. "సరే, నేనెందుకు వచ్చానంటే, మీ దేశంలో పియానోలన్నీ చెడిపోయి ఉన్నాయి. ఏ క్లబ్బుకు వెళ్లినా శ్రుతి సరిగ్గా ఉండదు. వాల్టరేమో బాగానే ఉందంటాడు. ముందు నా చెవులు సరిగ్గా ఉన్నాయని కాగితం రాసివ్వండి, ఆ తరవాత వాళ్ల సంగతి చూస్తాను. శనివారం షో ఉంది నాకు."

బూత్‌లో కూర్చోబెట్టాను. అంటే బయటి చప్పుడు చొరబడని చిన్న గది. పైస్థాయి శబ్దాలు రెండు చెవులకూ సరిగ్గా వినబడటం లేదు. అది నేను ఊహించిందే. ఆ పియానోల మాట మనసులో మెదులుతుండటంతో ఒకే స్వరాన్ని ముందు ఎడమ చెవికి, తరువాత కుడి చెవికి వినిపించాను.

"రెండూ ఒకటేనా?"

"ఎక్కడి ఒకటి! రెండోది పైకి ఉంది."

స్వరాలు మార్చి మార్చి చూశాను. ప్రతిసారీ తేడానే, అదీ ఒక్కో స్వరానికి ఒక్కోలా. మా భాషలో దీన్ని డిప్లకూసిస్ అంటారు. లోపలి చెవి దెబ్బతిని, ఒకే స్వరం రెండు చెవుల్లో రెండుగా వినబడటం. మామూలు మనిషికి అదొక చికాకు, అంతే. పాడే మనిషికి అలా కాదు. పియానోలకు ఏమీ కాలేదని చెప్పాను.

"మందుందా?"

"లేదండీ."

"మరి మిషను?"

"అది శబ్దాన్ని పెంచుతుంది. తప్పుగా వినబడేదాన్ని ఇంకా గట్టిగా వినిపిస్తుంది."

"అయితే నేను శ్రుతిలోనే పాడుతున్నానా?" అని మెల్లగా అడిగారు.

ఒక వరుస పాడమన్నాను. రాజమండ్రిలో చిన్నప్పుడు నేను సంగీతం నేర్చుకున్నదాన్నే. గొంతు ఇప్పటికీ వెన్నలా ఉంది. కానీ పాట రెండో అడుగులోనే జారిపోయింది. తప్పుతోందని చెప్పాను.

వాల్టర్‌ను లోపలికి పిలిపించారు.

"ఎన్నాళ్ల నుంచి?"

ఆయన టోపీని చేతుల్లో తిప్పుతూ, "రెండేళ్లు అవుతోంది, రూబీ," అన్నారు.

"జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు కదా?"

"నువ్వంటే వాళ్లకు ప్రేమ."

"నేనడిగింది పాట గురించి."

నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఆ వెంటనే జాలీ వేసింది.

ఆ రోజు సాయంత్రం పక్కనున్న టూంగాబీలో మన తెలుగువాళ్ల పిల్లలకు సంగీతం క్లాసు చెప్పాల్సి ఉండటంతో శ్రుతిపెట్టె నా కారులోనే ఉంది. దాన్ని తెచ్చి ఆవిడను గుండెకు ఆనించి పట్టుకోమన్నాను. గొంతు శ్రుతిలో కలిస్తే పెట్టె నిలకడగా ఉంటుంది, తప్పితే ఒంటికి వణుకు తెలుస్తుంది. చిన్నప్పుడు మా గురువుగారు నాకు అలాగే నేర్పారు. నేను తిత్తి ఆడించాను. ఆవిడ కళ్లు మూసుకుని, వణుకు తగ్గేదాకా గొంతును సవరించుకుంటూ, తన పాత పాటలోని మొదటి వరుసను నెమ్మదిగా పాడారు. ఎక్కడా తప్పలేదు. అంత నిండైన గొంతును నేను అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. వాల్టర్ గోడవైపు తిరిగి కళ్లు తుడుచుకున్నారు.

"ఈసారి కుదిరిందా?"

"కుదిరిందండీ. చాలా బాగా కుదిరింది."

"మీ మాటే నమ్మాలి," అంటూ పెట్టె నా చేతికిచ్చేశారు. "నాకు మాత్రం ఎవరో ఇద్దరు పోట్లాడుకుంటున్నట్టు వినబడింది."

బ్యాండుతో పాడే పాటకు ఈ పెట్టె పనికిరాదని, స్వరాలు మారుతూ పోతే దానికి అందవని ఆవిడకూ తెలుసు. నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

శుక్రవారం మావారు ఆఫీసు నుంచి వస్తూనే, "ఆ అమెరికన్ సింగర్ సాటర్‌డే షో క్యాన్సిల్ అంటోయ్," అన్నారు. "క్లబ్ బయట బోర్డు పెట్టారు. ఆవిడకి గొంతు బాలేదంట, పాపం."

ఆవిడలో చెక్కుచెదరనిది ఆ గొంతొక్కటేనని మావారికి కూడా చెప్పలేకపోయాను. వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆ కేసు తరువాత నా పద్ధతి ఒకటి మారింది. పరీక్షకు ఎవరు వచ్చినా వాళ్లతో వచ్చినవాళ్లను వరండాలో కూర్చోనివ్వను, లోపలికి పిలుస్తాను. మిషన్ల జోలికి పోకముందే, "ఈ మనిషికి మీరు చెప్పకుండా దాస్తున్నది ఏమిటి?" అని అడుగుతాను. ప్రేమ ఉన్నవాళ్లే ముందు తల దించుకుంటారు.