ఆరు మూలల అడవి

నేను పిరికివాణ్ణి. అడవిలో నక్సలైట్లు, బాటల మీద పోలీసులు తిరిగే సిరొంచలో పెరిగినవాడికి ధైర్యం ఎక్కువని బయటివాళ్లు ఎందుకనుకుంటారో నాకు అర్థం కాదు. మాకు ఎక్కువగా ఉండేది జాగ్రత్త. ఎవరైనా కొత్తవాళ్లు "ఈ బాట ఎటు పోతది?" అని అడిగితే, తెలిసినా "ఏమో" అంటాం. అది మా ఇళ్లల్లో మాటలతోపాటే నేర్పుతారు. అలాంటి చోట పుట్టి నేను పటాలు తయారుచేయడం మొదలుపెట్టాను.

ఈ పిచ్చి చంద్రాపూర్ హాస్టల్లో అంటింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ ఆడే కథ ఆట. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు అందులో యోధులో, దొంగలో, మంత్రగాళ్లో అవుతారు. వాళ్లు తిరగడానికి ఒక లోకం కావాలి కదా. ఆ లోకం పటం మేమే గీసుకోవాలి. కాగితమంతా తేనెపట్టులాగా ఆరు మూలల గళ్లు. ఒక గడి దాటడమంటే ఒక రోజు నడక. ఏ గడిలో కొండ ఉంది, ఏ గడిలో వాగు ఉంది, ఎక్కడ ఎవరు పొంచి ఉన్నారు, అంతా ముందే నిర్ణయించుకోవాలి.

బొమ్మ గీసేది నా హాస్టల్ మిత్రుడు. భామ్రాగడ్ దగ్గర గోండు పల్లెవాడు, ఇప్పుడు బడిలో మాస్టరు. వాడికి తెలిసిన అడవి ఒక్కటే, అదే గీశాడు. వానాకాలంలో వాగులు దారిని ఎక్కడెక్కడ కోసేస్తాయో నీలం గీతలతో చూపించాడు. సిరొంచలో ఆన్‌లైన్ సెంటర్ నడుపుకునే నేను, దొంగల స్థావరాలకు ఎర్ర త్రికోణాలు పెట్టి, పక్కన తెలుగులో రాశాను. మరాఠీ బడిలో చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు పట్టుబట్టి సొంతంగా నేర్చుకున్నాను. ఆ గొప్ప ఎక్కడో ఒకచోట చూపించుకోవాలని ఉండదా మరి!

వేసవి సెలవుల్లో వాడితో కలిసి వాళ్ల ఊరికి బయలుదేరాను. పటం చుట్ట వాడి సంచిలో ఉంది. ఆళ్లపల్లి దాటాక, పట్టపగలు, పోలీసులు బస్సును ఆపారు. తనిఖీ మాకు కొత్త కాదు. సంచి విప్పుతారు, మూసుకోమంటారు, అంతే. కానీ ఆ జవాను చుట్ట విప్పి చూశాడు, మళ్లీ చూశాడు, వాణ్ణి దిగమన్నాడు. వాణ్ణొక్కణ్ణే.

అప్పుడు ఆ కాగితం నాకు వాళ్ల కళ్లతో కనపడింది. అడవి, వాగులు, దాటే చోట్లు, ఎర్ర గుర్తులు, పక్కన వాళ్లకు చదవరాని తెలుగు. అదంతా ఒక గోండు పోరడి సంచిలో. సీట్లోంచి లేవకపోతే నన్నెవరూ అడగరు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ ఆ రాతంతా నాది. లేచి, వాడి వెనకే దిగాను.

"ఇది ఏ చోటు?" అని జవాన్ల మీది సాహెబు వాణ్ణి మరాఠీలో అడుగుతున్నాడు.

"ఎక్కడా లేదు సర్," అన్నాడు మావాడు. ఆటలోని లోకం కాబట్టి నిజమే. అంతకంటే పనికిమాలిన జవాబు ఇంకోటి ఉండదు.

"రాసింది నేను సర్. ఆట కోసం," అన్నాను.

"చదువు."

చదివాను. ఇక్కడ మూడు తలల మొసలి, దానికి పంటినొప్పి, బెల్లం పెడితే దారిస్తుంది. మరాఠీలోకి మార్చి చెప్తుంటే నా చెవులకే అబద్ధంలా ఉంది. సాహెబు ఎర్ర త్రికోణం మీద వేలు పెట్టాడు.

"గజదొంగలు సర్. వాళ్ల నాయకుడికి బొద్దింకలంటే భయం."

ఆయన నవ్వలేదు. బస్సు వైపు తిరిగి, తెలుగు చదవడం వచ్చినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. బస్సులో సగం మంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఎవరూ కదల్లేదు. వాళ్లను తప్పుపట్టను, నేనైనా కిటికీలోంచి ఆకాశం చూసేవాణ్ణి.

"నాకొస్తది," అంటూ ఒక పెద్దమ్మ దిగింది. సిరొంచలో మాతోపాటే ఎక్కింది, భామ్రాగడ్‌లో నర్సుగా చేసే బిడ్డ దగ్గరికి పోతోంది. కాగితాన్ని పట్టుకుని, గడిగడికీ వేలు జరుపుతూ, పెదాలు కదుపుతూ చాలాసేపు చూసింది. మావాడి ముఖం మీద చెమట కారుతోంది. తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తాలన్నా వాడికి భయమే.

"ఈ పోరడు చెప్పిందే ఉంది సాబ్," అంది ఆమె. "మొసలి, బెల్లం, దొంగలు. అన్నీ పనిలేని ముచ్చట్లు."

సాహెబు మా పేర్లు రాసుకున్నాడు, పటం తన దగ్గరే ఉంచుకుని పొమ్మన్నాడు. బస్సు కదిలాక నేను ఆమె కాళ్లకు మొక్కబోతే, "ఇగ చాలు తియ్యి," అని విసుక్కుంది.

"తెలుగు సదువుడు ఏడ నేర్సుకున్నవ్ పెద్దమ్మా?"

"నాకు ఏ సదువూ రాదు బిడ్డా." గొంతు తగ్గించింది. "అండ్ల నిజంగ ఏం రాసినవ్ రా?"

సాహెబు ముందు కూడా అంత భయం వేయలేదు నాకు. మొసలే అని ఒట్టేశాను. ఆమె నమ్మినట్టు లేదు. సంచి తీసుకుని, లేచి ముందు సీట్లోకి మారిపోయింది.

మేం ఆట మానలేదు. ఇప్పుడు మావాడు అడవి జోలికి పోకుండా సముద్రం గీస్తున్నాడు. ఇద్దరం సముద్రం చూసింది లేదు. మొన్న పంపిన పటంలో గళ్లన్నీ నీళ్లే. మనుషులు దిగడానికి కాస్త నేల కావాలి కదా అని ఫోన్ చేశాను.

"జర ఒక్క దీవన్న పెట్టురా," అన్నాను.

"దీవి మీద చెట్లుంటయ్ గదా," అన్నాడు.