ములాఖత్ ముహూర్తం

ఎవరి పిల్లలకైనా చెవులు కుట్టే ముహూర్తం పంతులుగారు పెడతారు. నా కూతురికి మాత్రం జైలువాళ్ళు పెట్టారు. వీడియో ములాఖత్ మంజూరైందని మెసేజ్ రాగానే, పద్మారావు నగర్‌లో మా వీధి మొత్తానికీ వినపడేలా అమ్మను పిలిచాను. పంతులుగారికి ఫోన్ చేసి ఆ టైమ్ చెబితే, కాసేపు ఏదో గొణుక్కుని "పర్వాలేదమ్మా, దుర్ముహూర్తమైతే లేదు, కానియ్యండి" అన్నారు. బతికించారు.

మా ఇళ్ళలో చెవులు కుట్టేటప్పుడు పిల్ల మేనమామ ఒళ్ళో కూర్చోవాలి. నా కూతురికి ఉన్నది ఒక్కగానొక్క మేనమామ, నా తమ్ముడు. వాడేమో ఓ కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు. కేసు ఎప్పుడు తేలుతుందో వకీలుకే తెలియదు. పిల్లకు మూడో ఏడు దాటితే మళ్ళీ ఐదో ఏడు దాకా ఆగాలని అమ్మ ఒకటే గోల.

వాడు వారానికోసారి జైలు ఫోన్ నుంచి మాట్లాడతాడు. ఆ ఫోన్ మోగిందంటే పొయ్యి మీద పాలు పొంగినా మేం కదలం. వీడియోలోనే మేనమామగా కూర్చోమని చెప్పగానే వాడు నీళ్ళు నమిలాడు.

"వద్దక్కా. ఇంకెవరి ఒళ్లనన్న కూసోబెట్టు. జైల్ల ఉన్నోడు శుభకార్యంల ఉంటే మంచిగుండదు."

నాకు ఒళ్ళు మండింది. "నోర్ముయ్! నా బిడ్డకు ఏది మంచిదో నాకు తెల్వదా? నువ్వు రాకుంటే దానికి చెవులే కుట్టియ్య. పెండ్లిల సుత బోసి చెవులతోనే కూసుంటది, నీ ఇష్టం!"

జవాబు రాకుండానే లైన్ కట్టయింది. అలిగి పెట్టేశాడో, టైమ్ అయిపోయిందో తెలియలేదు. వీడియోకు వస్తాడో రాడో అంతకన్నా తెలియదు.

ఆ రోజు పొద్దున్నే మా ఇల్లు పెళ్ళివారిల్లయింది. అమ్మ పీట మీద తమ్ముడి పాత తువ్వాలు పరిచింది. ఎదురుగా పప్పు డబ్బాకు ఫోన్ ఆనించాం. చెవులు కుట్టే అవుసలాయన బంగారు తీగలతో సిద్ధంగా కూర్చున్నాడు. మామ ఒళ్ళో కూర్చుంటావని వారం నుంచి ఊరించానేమో, పిల్ల పట్టు లంగా కట్టుకుని "మామ ఏడి?" అంటూ నా ప్రాణం తోడేస్తోంది.

టైమ్ అయింది. తెర మీద ఖాళీ కుర్చీ, వెనకాల గోడ. రాడేమో అనుకుంటుండగానే ఓ చెయ్యి కనిపించింది, ఆ వెనకే తమ్ముడు! తల నున్నగా దువ్వుకుని మరీ వచ్చాడు.

"వచ్చిండు!" అని నేను అరిచిన అరుపుకు అవుసలాయన ఉలిక్కిపడ్డాడు. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని ఉరికొచ్చి, తెర మీద వాడి నుదుట బొట్టు పెట్టబోయింది.

"అమ్మా, ఎర్రది నొక్కకు! కట్టయితది!"

ఆమె నన్ను కొరకొరా చూసి, ఫోన్ వెనకవైపు బొట్టు పెట్టి సరిపెట్టుకుంది.

పిల్ల పీటను చూసింది, ఫోన్‌ను చూసింది. మేం పట్టుకునేలోపే ఫోన్ లాక్కుని తువ్వాలు మీద వెల్లకిలా పడుకోబెట్టింది. దాని మీద దర్జాగా కూర్చుంది.

"మామ ఒళ్ల కూసున్న!"

"అయ్యో, లే! మామకు నువ్వు కనపడవే!" అంటూ దాని రెక్క పట్టుకున్నాను. వాడు పిల్ల ముఖం చూడాలనే కదా ఇంత హైరానా పడ్డది!

లంగా కింది నుంచి తమ్ముడి గొంతు వచ్చింది.

"అక్కా, లేపకు."

"నీకేం కనిపిస్తుందిరా?"

"ఏం కనిపిస్తలేదు, అంత చీకటే. అయినా లేపకు. నా ఒళ్లనే కూసుంది గద. కుట్టమను."

అవుసలాయన నా వైపు చూశాడు. నేను తలూపాను. మొదటి చెవికి పిల్ల ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టింది. కింది నుంచి "అయిపోయింది బంగారం, అయిపోయింది, మామ పట్టుకున్నడు" అని ఒకటే బుజ్జగింపు. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూనే నవ్వింది. నేనైతే ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

రెండో చెవి కూడా అయ్యాక పిల్లను ఎత్తుకుని చూస్తే కాల్ కట్టయి ఉంది. వాడు దాని ముఖం చూడనే లేదు. ఆ వారమంతా నాకు అదే బాధ.

మళ్ళీ జైలు ఫోన్ మోగగానే ఉరికెళ్ళి ఎత్తాను. నేను హలో అనకముందే వాడు అందుకున్నాడు.

"అక్కా, నీ బిడ్డ మస్తు బరువుందే. నా కాళ్లు తిమ్మిరెక్కినయ్!"