ఉలవల మీద పందెం

పోయిన వారం మా కారు కింద నుంచి ఏదో కమురు వాసన వస్తోందని బెంగళూరులో ఒక గ్యారేజీకి తీసుకుపోతే, మెకానిక్ కిందికి దూరి, గుప్పెడు ఎండు తీగలు లాగి నా ముందు పెట్టాడు. "ఏం సార్, కారు కింద పక్షి గూడు కట్టిందా?" అన్నాడు. పక్షి కాదు, మా జిల్లా. అంతకు ముందు ఆదివారం ఊరి నుంచి వస్తుంటే దారి నిండా ఎవరో ఉలవ పంట పరిచి ఉంచారు, దాని మీదుగానే వచ్చాను. మా వైపు ఉలవ చెట్లు పీకి ఎండబెట్టాక కళ్లం కోసం వెతుక్కోరు, తారు రోడ్డు మీద పరిచేస్తారు. బస్సులూ లారీలూ తొక్కుకుంటూ పోతాయి, కాయలు పగిలి గింజలు రాలతాయి. ప్రభుత్వం రోడ్డు వేసింది ప్రయాణాలకేనని కొందరు ఇప్పటికీ అనుకుంటూ ఉంటారు. ఆ తీగలను ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఎండు ఉలవ కట్టే, కాలిన ఇనుమూ కలిస్తే ఒక వాసన వస్తుంది. లోకంలో ఎవరికైనా అది కార్ల పందెం వాసనగా గుర్తుందంటే, వాళ్లది మా ఊరే అయ్యుండాలి.

మా ఊరి చెరువుకు నీళ్లు రావడం మానేసిన కాలం అది. నేను అనంతపురంలో డిగ్రీ అనే పేరుతో హాస్టల్ అన్నం తింటున్నాను. నీళ్లు లేని చెరువును ఏం చేసుకోవాలో ఊళ్లో ఎవరికీ తోచకపోతే, మా నాయన తమ్ముడు, అంటే మా చిన్నాయన, అందులో ఏటేటా కార్ల పందెం పెట్టడం మొదలుపెట్టాడు. చెరువు నేల మీద కోడిగుడ్డు ఆకారంలో సున్నంతో గీతలు గీశారు. ఒక మలుపు తూము దగ్గర, ఇంకో మలుపు కంపచెట్ల దగ్గర. జనం కూర్చోవడానికి చెరువుకట్ట ఉండనే ఉంది. గీత దాటి బయటికి పోయినవాడు ఓడినట్టు. పందెంలో దిగేవన్నీ పాత బండ్లే, ఎందుకంటే కొత్త బండి ఉన్నవాడికి అంతో ఇంతో బుద్ధి కూడా ఉంటుంది.

చిన్నాయనది అంబాసిడర్. ఒకప్పుడు ధర్మవరం పట్టుచీరల షావుకారు దగ్గర చీరల మూటలు మోసి మోసి, ముసలిదై మా ఇంటికి వచ్చింది. చిన్నాయన దాని వెనక సీటు పీకాడు, అద్దాలు తీశాడు, తలుపులు తాళ్లతో కట్టాడు. మా చేలో బోరు వేస్తే నీళ్లు పడలేదు. పైకి లాగిన ఆ పైపులనే వెల్డింగ్ చేయించి, కారు పల్టీ కొట్టినా తల పగలకుండా లోపల పంజరంలా బిగించాడు. "నీళ్లియ్యకపోయినా పానమన్నా కాపాడనీలే" అన్నాడు. సైలెన్సర్ కూడా తీసేశాడు. దాంతో వేగం పెరగలేదు గానీ, పెరిగిందన్న అనుమానం మాత్రం పక్క ఊరిదాకా వినిపించేది. ఇంత చేసినా ఏటా గెలిచేది గుమ్మఘట్ట నుంచి జీపు తెచ్చే ఒక పెద్దమనిషి. ఆయన తెలుగూ కన్నడమూ కలిపి మాట్లాడేవాడు, గెలిచాక మాత్రం ఏ భాషలోనూ మాట్లాడకుండా మీసం దువ్వుకునేవాడు. ఆ ఏడు చిన్నాయన టీ హోటల్లో అందరి ముందూ ఒట్టు పెట్టాడు, ఈసారి ఓడిపోతే మళ్లీ స్టీరింగు ముట్టనని. మేమెవరమూ కంగారు పడలేదు. ముందటేడు కూడా అదే ఒట్టు.

కంగారంతా మా జేజిది, అంటే నాయన తల్లిది. ఆ ఏడు శనక్కాయ పంట చేలోనే మాడిపోయింది. చివర్లో పడిన రెండు చినుకులను నమ్ముకుని జేజి ఉలవలు చల్లితే, అవొక్కటే బతికాయి. ఏడాదికంతా ఇంట్లోకి వచ్చేది ఆ పంటే. మద్రాసు పక్క తుఫాను పట్టిందని పందెం ముందటి రాత్రి రేడియోలో చెప్పారు. ఎండిన ఉలవ చెట్టు వానకు తడిస్తే గింజ నల్లబడి కాయలోనే మొలకెత్తుతుంది, తర్వాత పశువులకు వేయడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. జేజి తెల్లారకముందే పంటంతా రోడ్డు మీద పరిపించి, చెట్టు కింద కూర్చుని బండ్ల కోసం ఎదురుచూసింది. ఒక్కటీ రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల ట్రాక్టర్లూ ఆటోలూ జీపులూ అన్నీ పందెం చూడటానికి చెరువు దగ్గర చేరాయి. మధ్యాహ్నానికి తూర్పున మబ్బు నల్లగా లేచింది.

పెళ్లిళ్ల మైకు ఒకటి అద్దెకు తెచ్చి నాకిచ్చి కట్ట మీద కూర్చోబెట్టారు, పందెం గురించి చెప్పమని. పొద్దున్నుంచీ ఉత్తినే చుట్లు తిరిగిన బండ్లన్నీ ఇప్పుడు గీత మీద నిలబడి ఉరుముతున్నాయి. అంతలో నెత్తిన ఉలవ మోపుతో, వెనక పదిమంది ఆడవాళ్లతో, జేజి పందెం దారి మధ్యకు వచ్చి నిలబడింది.

"ఏమప్పా, పొద్దన్నుంచి తిరగతాండారు, యాడికి పోతాండారు?"

"ఇది పందెమమ్మా. యాడికీ పోయేది లేదు," అన్నాడు చిన్నాయన కిటికీలోంచి తల బయటపెట్టి.

"యాడికీ పోనోళ్లు నా ఉలవల మీంద పోండి. రోడ్డు మీంద తిరగాల్సిన బండ్లన్నీ తెచ్చి చెరువులో పెట్టుకున్యారు. మబ్బు సూడు, ఎట్ల వస్తాండాదో!"

గుమ్మఘట్ట పెద్దమనిషి జీపులోంచి చేతులు జోడించాడు. "జారతాదజ్జీ! బిరీన పోతే బండి నిలవదు."

"బిరీన పొమ్మనిందెవరు? పందెమంటే నిదానంగా పోగూడదని యాడన్నా రాసిండారా? నా పంట ఎగరజిమ్మినోడు ఓడినట్ల. పోండి!"

నేను మైకులో కొత్త నిబంధన చదివాను. మొదటి బహుమతి ఉలవలు, రెండో బహుమతి ఉలవచారు, ఓడినవాళ్లకు పొట్టు. కట్ట మీది జనమే దిగి రోడ్డు మీది పంటంతా ట్రాక్టర్లలో తెచ్చి, గుడ్డు ఆకారం పొడుగునా పరిచారు. ఆ తర్వాత జరిగినంత నెమ్మదైన కార్ల పందెం నేను మళ్లీ చూడలేదు. ఉరుముకుంటూ పాకే బండ్లు, వాటి వెనకాలే కట్టెను తిరగేస్తూ నడిచే ఆడవాళ్లు. ఆడవాళ్లే ముందుకు పోతున్నారని మైకులో చెప్పాల్సి వచ్చింది. తూము మలుపులో జీపు జారి, గిర్రున తిరిగి, వచ్చిన వైపుకే ముఖం పెట్టుకుని నిలబడింది. "జీపు మనసు మార్చుకున్యాది. ఊరికి పోతాండాది," అన్నాను. జీవితంలో మొదటిసారి చిన్నాయన ముందున్నాడు.

అప్పుడే అంబాసిడర్ కింద నుంచి పొగ లేచింది. ఇరుసుకు చుట్టుకున్న ఉలవ తీగలు, సైలెన్సర్ లేని గొట్టం వేడికి అంటుకున్నాయి. పొగ వెనకాలే చిన్న మంట. కారు నిలబడింది పంట మధ్యలో. ముందూ వెనకా, కట్ట నుంచి కంపచెట్ల దాకా, అగ్గిపుల్లలా ఎండిన పంట. "నీళ్లు తెండి, నీళ్లు!" అని మైకులో అరిచాను, ఆ ఎండిన చెరువులో. మా ఊళ్లో అది చరిత్రాత్మకమని తర్వాత చెప్పారు. చిన్నాయన దిగి పారిపోతాడనుకున్నాం. ఆయన స్టీరింగు పూర్తిగా తిప్పి, మండుతున్న కారును సున్నం గీత మీదుగా బయటికి, బోడి నేలలోకి తోలాడు. గీత దాటాక, అంటే పందెం ఓడిపోయాక, తాళ్లు కట్టిన తలుపు తెరుచుకోక కిటికీలోంచి కిందికి పడ్డాడు. అందరికంటే ముందు చేరింది గుమ్మఘట్ట పెద్దమనిషే. ఇంజిన్‌లో పోయడానికి తెచ్చుకున్న క్యాను నీళ్లు కారు కింద సగం, చిన్నాయన మీద సగం పోశాడు.

"నన్నెందుకు తడుపుతాండావన్నా, నేను అంటుకోలేదు కదా!"

"ముందు జాగ్రత్త, తమ్మా."

మంట ఆరింది. జేజి కొడుకు చేతులూ కాళ్లూ తడిమి చూసి, అన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక వీపు మీద ఒకటిచ్చింది. "సాలులే, లెయ్. గింజలూడ్చు." ఊరంతా చీపుర్లూ పట్టలూ తెచ్చి ఎగబడ్డారు. పందేనికి వచ్చిన పక్క ఊళ్ల వాళ్లు కూడా వంగి ఊడ్చారు. ఆఖరి మూట ట్రాక్టర్ ఎక్కి, పైన పట్ట కప్పుతుండగా మొదటి చినుకు నా మైకు మీద టప్పున పడింది. అందరం అలాగే నిలబడి తడిశాం. ఎవరూ పరుగెత్తలేదు, పరుగెత్తాల్సిన పని అయిపోయింది. ట్రాక్టర్ పక్కన నిలబడి చిన్నాయన నాతో మెల్లగా అన్నాడు, "సూసినావా, ఈసారి ఓడిపోలేదురా. కాలిపోయినాను, అంతే." అంత హాయిగా ఊపిరి పీల్చుకున్న మనిషిని నేను చూడలేదు. ఒట్టు ఏమైందని ఎవరూ అడగలేదు.

ఆ ముసురుకు చెరువు అడుగున కాసిని నీళ్లు చేరాయి, తర్వాతి ఏళ్లలో ఇంకాస్త. పందెం మళ్లీ జరగలేదు, జరగనందుకు బాధపడినవాళ్లూ లేరు. అంబాసిడర్ ఇనుప సామాన్లవాడికి పోయింది. బోరు పైపుల మీద జేజి బీరతీగ పాకించింది. చిన్నాయన ఇప్పుడు బడి వ్యాను తోలుతున్నాడు, సరిగ్గా ఉలవల మీద తోలిన వేగంతో.

గ్యారేజీ నుంచే ఆయనకు ఫోన్ చేసి సంగతి చెప్పాను.

"పొగ వచ్చినాదా?"

"లేదు చిన్నాయనా, వాసనొకటే."

ఫోన్‌లో పెద్ద ఊపిరి వినిపించింది. "అయితే ఏం గాలేదులే. ఆ కట్టెలో గింజలేమన్నా మిగిలుండాయేమో సూడు, జేజి అడగతాండాది."

చూశాను, నాలుగు ఉన్నాయి. మెకానిక్ చూడకుండా జేబులో వేసుకున్నాను. కాలం కూడా మా దారిలో బస్సులాంటిదే. మనం పరుచుకుని కూర్చున్నా ఆగదు, మన మీదుగా పోతుంది. పోయాక వంగి చూసుకుంటే, పొట్టు చాలానే ఉంటుంది గానీ, నాలుగు గింజలు కూడా రాలి ఉంటాయి.