శింగనమల బస్సులో మేఘం

ఆసియా దేశాల నేత డిజైన్ల మీద పరిశోధన చేస్తాను. వచ్చే నెల జపాన్‌లో చదవాల్సిన పేపరుకి కొత్త బొమ్మ ఒక్కటీ దొరకలేదు. ఆ దిగులుతోనే అనంతపురంలో శింగనమల బస్సెక్కాను.

పక్క సీట్లో అవ్వ చీర అంచు చూసి, సంచిలోంచి నోట్‌బుక్ తీశాను. ఆకారం తేలని బొమ్మ, దాని చుట్టూ వేలాడే పోగులు. అచ్చం క్యోటోలో నేను చూసిన మేఘాల పట్టులాగే ఉంది. గబగబా రెండు పేజీలు రాసేసి, పైన "కరువు సీమ కలగన్న మేఘం" అని పేరు కూడా పెట్టేశాను.

"అవ్వా, ఈ మేఘాల చీర ఎక్కడ నేశారు?"

"మేఘం యాడుందమ్మా?" అంటూ అవ్వ కొంగు తిప్పి చూపించింది. అటువైపు ముక్కూ తోకా చక్కగా తీరిన నెమలి ఉంది. "కలుపు తీసేకి పోతాండా. ఎండకి రంగు పోతాదని తిరగేసి కట్టుకున్యా. చేనికి పోయేటప్పుడు ఈడ అందరం ఇంతే."

నోట్‌బుక్ మెల్లగా మూసి సంచిలో పెట్టుకున్నాను. ఇరవై ఏళ్లుగా నేను చేస్తున్నది బట్టలు చూడటమే.

ఇంతలో అవ్వ నా భుజం మీది జపాన్ పట్టు శాలువా అంచు పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, మెచ్చుకోలుగా తల ఊపింది.

"నువ్వూ తిరగేసే కప్పుకున్యావే. తెలివైనదానివే. యా చేనికి పోతాండావు?"